నెమ్మదస్తు లనిపించుకొన్నవారి మనోవ్యథ

(స్మారకోపన్యాస పాఠము)



ఏ మహనీయుని స్మృతికై మనమీ సాయంకాల మిచట సమావేశమైతిమో, ఆయన చిన్నపిల్లల వైద్యులుగా దీర్ఘకాలము పనిచేసియు, తమ పేరును రాతిపలకలపై చెక్కించుటకు గాని, సభలలో కొనియాడించుకొనుటకు గాని అంగీకరింపక, సంవత్సరమున కొక్కమారు, లోకము చెవిని పడని బాధ నొకదానిని గూర్చి ఎవరైనను నాలుగు మాటలు చెప్పిన చాలునని కోరిపోయినారు. కావున ఆయన గుణవర్ణనతో కాలము పుచ్చక, ఆటిజము గల యువతీయువకుల మానసికారోగ్యమును గూర్చి నాకు తోచినంత విన్నవించుకొందును.

ఆటిజ మనగానే మన తలపునకు వచ్చునది మూడేండ్ల బిడ్డ. పిలిచిన పలుకడు, కన్నెత్తి చూడడు, తిరుగుచున్న ఫ్యానును చూచుచు పూటలు గడుపును. ఆ బిడ్డను చంకనెత్తుకొని తల్లి స్పీచ్ థెరపీ కొకచోటికి, ఆక్యుపేషనల్ థెరపీ కింకొకచోటికి, హైదరాబాదులోనో విజయవాడలోనో విశాఖపట్టణములోనో ఆటోలెక్కి దిగుచుండును. ఈ ఆరాటము మంచిదే. ఐనను ఆ బిడ్డకు నూనూగు మీసము వచ్చినపిమ్మట, లేక ఆ పిల్ల గౌను విడిచి ఓణీ వేసినపిమ్మట, వారిని గూర్చిన మాటలు సన్నగిల్లిపోవును. థెరపీ సెంటర్ల గోడలమీది బొమ్మలన్నియు పసివారివే. పదునాలుగేండ్లు మొదలు ఇరువదియైదేండ్ల వఱకు గల కాలము, మనిషి జీవితములో ఎల్లరికిని మిక్కిలి సంక్షుభితమైన ఆ కాలము, వీరి విషయమున ఎవరికిని పట్టనిదై మిగిలినది. బుద్ధిమాంద్యము కూడ తోడైనవారు ఇంటి వసారాలోనే ఉండిపోవుదురు. మాటలును చదువును వచ్చినవారు బాగుపడినా రనిపించుకొని కళాశాలలలో కలిసిపోవుదురు. నేడు నేను ముఖ్యముగా చెప్పబూనినది ఈ రెండవవారిని గూర్చియే. నా అభిప్రాయము నిదానముగనే విన్నవింతును: వీరి ఆటిజము వేరు, వీరి దుఃఖము వేరు, ఆ దుఃఖములో పెద్దపాలు, వీరిని ఎట్లైన నలుగురివలె కనబడునట్లు చేయవలెనను మన పట్టుదలనుండియే పుట్టుచున్నది.

దీనికి ఆటిజము చరిత్రలోనే సాక్ష్యమున్నది. 1943లో అమెరికాలోని బాల్టిమోరు నగరమున, జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో బాలల మనోవైద్యుడైన లియో కానర్ ఆటిజము గల పదునొకండుగురు పిల్లల వృత్తాంతములను ప్రకటించెను. (అంతకు పూర్వమే, 1920ల నడుమ, మాస్కోలో గ్రూన్యా సుఖరేవా అను వైద్యురా లిట్టి ఆరుగురు బాలురను విశదముగా వర్ణించియుండెను గాని, ఆమె వ్రాతను లోకము చిరకాలము పట్టించుకొనలేదు, శాస్త్రచరిత్రలో స్త్రీల కిది కొత్త కాదు.) కానర్ వర్ణించిన పదునొకండుగురిలో మొదటివాడు మిసిసిపీ రాష్ట్రమున ఫారెస్ట్ అను చిన్న ఊరివాడైన డొనాల్డ్ ట్రిప్లెట్. నాలుగేండ్లైన నిండకముందే, 1937లో, వైద్యుల మాటపై తలిదండ్రులు వాని నొక శరణాలయమున విడిచిపెట్టిరి. మరుసటి యేడు మనసొప్పక తిరిగి ఇంటికి తెచ్చుకొనిరి. ఆపైన కొంతకాలమునకు ఇంటికి పదిమైళ్ల దూరముననున్న ఒక కౌలురైతు దంపతుల వద్ద ఉంచిరి.

ఆ రైతు ఏ కళాశాలలోను మనశ్శాస్త్రము చదివినవాడు కాడు. అయినను ఆయన చేసినది చూడుడు. పిల్లవానికి కొలతల పిచ్చి; సరే, బావి త్రవ్వుము, ఎంత లోతు వచ్చినదో కొలిచి చెప్పుమనెను. చచ్చిన పక్షులను, పురుగులను ఏరి తెచ్చి దాచుట వాని మరియొక అలవాటు. ఛీకొట్టి పారవేయక, వానిని పూడ్చుకొనుటకు పెరటిలో ఇంత చోటిచ్చెను. మొక్కజొన్న సాళ్లను మాటిమాటికి లెక్కపెట్టుచుండగా, ఊరక లెక్కించుట యెందులకు, దున్నుచు లెక్కింపుమని నాగలి చేతికిచ్చెను. కానర్ చూడబోయిన నాడు ఆ బాలుడు పొడవైన ఆరు సాళ్లను, గుఱ్ఱమును తానే మళ్లించుకొనుచు, చక్కగా దున్నెనట. డొనాల్డ్ 1958లో పట్టభద్రుడయ్యెను, సొంతయూరి బ్యాంకులో గుమాస్తాగా పనిచేసెను, గోల్ఫ్ ఆడెను, దేశదేశములు ఒంటరిగా తిరిగివచ్చెను, 89 ఏండ్ల వయస్సున, 2023లో, కన్నుమూసెను. ఆ బ్యాంకు ఆయన మాతామహుల వంశమువారిదేయను సంగతి మఱచిపోరాదు; ధనబలము లేని ఇంట పుట్టియుండిన ఆ ఊరు అంత ఓపికతో ఆయనను భరించియుండునో లేదో చెప్పజాలము. అయినను 1971లో కానర్ ఆ పదునొకండుగురి స్థితిగతులను మరల విచారించి ప్రకటించినపుడు, పెద్ద పెద్ద ప్రభుత్వాశ్రమములలో పడిన పిల్లలు ఉన్న నేర్పును సైతము పోగొట్టుకొని నిస్తేజులై మిగిలిరని తేలినది. మందు లేదు, యంత్రము లేదు. భేదము చాలవఱకు వారి చుట్టునున్న మనుష్యులు వారి స్వభావమునకు చోటిచ్చిరా, లేదా యనుటలోనే ఉన్నది.

ఇక మానసికవ్యాధుల విషయము. 2008లో ఇంగ్లండున సైమనాఫ్ మున్నగు పరిశోధకులు, పది మొదలు పదునాలుగేండ్ల వయస్సుగల ఆటిజము పిల్లల నొక 112 మందిని జనసామాన్యమునుండి ఎన్నుకొని పరీక్షింపగా, నూటికి 70 మందికి ఆటిజము గాక కనీసము మరియొక మానసికవ్యాధి ఉన్నట్లును, 41 మందికి రెండో అంతకు మించియో ఉన్నట్లును కనబడినది. అందు మొదటిది నలుగురిలో మెలగుటకు సంబంధించిన భయము. గమనింపవలసినదేమనగా, వీరు ఆసుపత్రికి వచ్చిన రోగులు కారు. ఇండ్లలో, బడులలో ఉన్న పిల్లలు. ఈ వ్యాధులకు చికిత్స ఉన్నది. ఆటిజమునకు మందు లేదు గదాయని ఈ వ్యాధులను కూడ దానితోపాటు నుదుటివ్రాత క్రింద జమకట్టుట మన ఇండ్లలోనే కాదు, వైద్యశాలలలోను జరుగుచున్న అన్యాయము. పిల్లవాడు నిద్రపోకున్న, ఆటిజము. అన్నము మానిన, ఆటిజము. తల గోడకు కొట్టుకొన్న, అదియు ఆటిజమే. నోటిలో పుచ్చిన దవుడపన్ను గాని, పదిదినములనుండి గట్టిపడిన మలము గాని, చెవిలోని చీము గాని చూచెడివారు లేరు. పదునేడేండ్ల కుఱ్ఱవాడు క్రమముగా నడక మందగించి, గడపవద్ద నిలిచి అడుగు వేయలేక, ముద్ద నోటివఱకు తెచ్చి ఆగిపోవుచుండగా, మొండితన మని మందలింతురు, లేదా తాయెత్తు కట్టింతురు. అది కాటటోనియా అను వేరొక స్థితి. తమవద్దకు పంపబడిన పదునైదేండ్లు దాటినవారిలో నూటికి 17 మందిలో దానిని గుర్తించితిమని లోర్నా వింగ్, అమితా షా అనువారు 2000లో ప్రకటించిరి. దానికిని చికిత్స కలదు. కాలహరణము మాత్రము పనికిరాదు.

మరి వారినే అడుగరాదా యందురేమో. అడుగవలసినదే, అడుగుటలో మెలకువ కావలెను. ఆటిజము గలవారిలో ఇంచుమించు సగముమందికి, తమలో కదలుచున్న భావము భయమో, కోపమో, దిగులో తమకే తెలియరాదు. గుండె కొట్టుకొనుచున్నదని తెలియును, కడుపులో త్రిప్పుచున్నదని తెలియును, అంతే. ‘ఎట్లున్నావు నాయనా?’ యని అడిగిన, ‘బాగున్నాను’ అని అప్పగించినట్లు చెప్పును. ఆ ప్రశ్నకు ఆ జవాబని వానికి చిన్ననాడే నేర్పితిమి గదా! కావున తెలిసిన వైద్యు డట్లడుగడు. రాత్రి ఎన్నింటికి పండుకొంటివి, ఎన్నిమార్లు లేచితివి, టిఫిను సగములో వదలినావా, స్నానమునకు ఎన్నిమార్లు పిలువవలసి వచ్చినది, అని అడుగును. అన్నిటికంటె ముఖ్యముగా వాని ప్రీతివిషయమును గూర్చి అడుగును. రైళ్ల వేళలన్నియు కంఠస్థముగా నుండి, కాజీపేట జంక్షనులో ఏ బండి ఏ ప్లాట్‌ఫారముపై ఆగునో నిద్రలో లేపి అడిగినను చెప్పగల పిల్లవాడు, రైళ్ల మాట ఎత్తుట మానివేసెననుకొందము. ఇల్లంతయు సంతోషించును, పిచ్చి వదలినదని, పెద్దవాడైనాడని. ఆ మౌనము విషాదరోగమునకు తొలిగుర్తు కావచ్చును. వానికి ఈ లోకమున ఉన్న ఆనందము తెగిపోయినదేమోయని మొట్టమొదట శంకింపవలసిన దినమది.

భయమును గూర్చి కొంచెము విస్తరించి చెప్పుట అవసరము. అనిశ్చితిని ఓర్వలేకపోవుట వీరి ఆందోళనకు ప్రధానమైన ఒక మూలమని ఈమధ్యకాలపు పరిశోధనలు తెలుపుచున్నవి. మన జీవనవిధానమేమో సమస్తమును అనిశ్చితము. ‘ఇప్పుడే వచ్చెదను’ అన్నవాడు సాయంకాలమునకు వచ్చును, చుట్టములు చెప్పక దిగుదురు, కరెంటు పోవును, పెండ్లికి పది గంటలకని బయలుదేరి పన్నెండింటికి ఇల్లు కదలుదుము, కల్యాణమండపమున భజంత్రీలును, డీజేయును, వేడివేడి సాంబారు వాసనయు, సెంటు వాసనయు, ముఖముపై పడు వీడియో దీపమును ఏకకాలమున మీదపడును. అట్టిచోట పెదనాన్న వచ్చి, ‘ఏరా, నన్ను గుర్తుపట్టితివా? నే నెవరినో చెప్పుము’ అని నవ్వుచు భుజముపై చరచును. ప్రేమతోనే. ఆ క్షణమున ఆ యువకుడు చెవులు మూసికొని మండపము వెనుక చెప్పులు విడిచినచోటికి పరుగెత్తినచో, పొగరని యొకరు, పెంపకలోపమని యొకరు. 2012లో డేమియన్ మిల్టన్ అను ఇంగ్లండు పండితుడు, తానే ఆటిజము గలవాడు, ఒక సూటియైన మాట చెప్పెను: మనము వారి మనస్సును గ్రహింపలేకపోవుటయు, వారు మన మనస్సును గ్రహింపలేకపోవుటయు సమానమైన లోపములే, అట్లుండగా లోపమును వారి ఖాతాకే వ్రాయుట న్యాయము కాదు. పెదనాన్నకును కొంచెము శిక్షణ కావలెనని నే ననుకొందును.

ఇంటర్మీడియట్ రెసిడెన్షియల్ కళాశాలల సంగతి చెప్పనక్కరలేదు. తెలుగువారమందరము దానిని ఎఱుగుదుము. తెల్లవారుజామున గంట, అధ్యయనగంటలు, వారాంతపు పరీక్ష, గోడపై ర్యాంకులు, ఒక గదిలో కిక్కిరిసిన మంచములు, ఒంటరిగా కూర్చుండ మూల యొక్కటి లేదు. మామూలు పిల్లలే నలిగిపోవు ఆ చోట, లెక్కలలో నూటికి నూరు తెచ్చుకొనుచు ఎవరితోను మాటాడని పిల్లవానిని చూచి వార్డెను నెమ్మదస్తుడని మెచ్చుకొనును. వాని నెమ్మది వెనుక ఏమున్నదో ఎవరును విచారింపరు.

ఏమున్నదనగా, పగలెల్ల సాగుచున్న నటన. ఎదుటివాని కన్నులలోనికి ఎంతసేపు చూడవలెనో మనస్సులో లెక్కించుకొనుట, ఎప్పుడు నవ్వవలెనో ప్రక్కవాని ముఖము చూచి నవ్వుట, ఆడవలెనని తహతహలాడు చేతులను జేబులలో కుక్కికొనుట, రేపు పలుకవలసిన నాలుగు మాటలను రాత్రియే వల్లించుకొనుట. పూర్వము మన పల్లెలలో తెల్లవార్లు పద్యనాటకము లాడెడివారు. హరిశ్చంద్రుని వేషము కట్టినవాడైనను తొలికోడి కూయగానే ముఖమునకు కొబ్బరినూనె రాసి, రంగు తుడిచికొని, ఇంటికి పోయి తానుగా నిద్రించెడివాడు. ఈ యువకునకు ఆ కోడికూత లేదు. ఆడపిల్లలు దీనిలో మరింత నేర్పరు లగుదురు; అణకువ, తల వంచుకొనుట, మితభాషణము ఆడపిల్ల లక్షణములని మెచ్చుకొను సమాజమున వారి ఆటిజమును ఎవరు గుర్తింతురు? అందుచేతనే పలువురికి ఇరువది, ముప్పది యేండ్లు దాటినగాని నిర్ధారణ జరుగుటలేదు.

ఇట్టి నటనకు చెల్లింపవలసిన మూల్యము చెప్పుటకు నోరాడదు గాని చెప్పక తప్పదు. కేంబ్రిడ్జిలోని ఒక వైద్యశాలలో, పెద్దవయస్సున క్రొత్తగా ఆటిజములో ఒక రకమైన ఆస్పర్గర్ లక్షణములు నిర్ధారింపబడిన 374 మందిని విచారింపగా, నూటికి 66 మంది ఎప్పుడో ఒకప్పుడు ప్రాణత్యాగమును తలపోసితిమని చెప్పిరని 2014లో సారా కాసిడీ మున్నగువారు ప్రకటించిరి. ఇది ఆలస్యముగా గుర్తింపబడి, సాయమునకై వచ్చినవారి లెక్క. ఆటిజము గల ఎల్లరికిని దీనిని అన్వయింపరాదు. అయినను నాలుగేండ్ల తరువాత వారే జరిపిన మరియొక పరిశీలనలో, తమ స్వభావమును దాచుకొనుటయు, కావలసిన సాయము దొరకకపోవుటయు ఇట్టి తలపులతో ముడిపడియున్నవని తేలినది. పిల్లలను ఈ విషయమై అడిగిన లేనిపోని తలపు పుట్టించినట్లగునని పెద్దలు జంకుదురు. ఆ జంకు నిరాధారము. స్పష్టముగా, ఉపమానములు లేక, ‘చనిపోవలెనని నీ కనిపించుచున్నదా?’ యని అడుగవలెను. ‘చెడ్డ ఆలోచనలు వచ్చుచున్నవా’ యన్న, ఏది చెడ్డదో నిర్ణయించుకొనలేక లేదనును. నోట చెప్పలేనివానికి కాగిత మీయవలెను, లేక ఫోనులో వ్రాసి పంపుమనవలెను. 14416 అను టెలి-మానస్ సంఖ్యకు ఏ వేళనైనను తెలుగులో మాటాడవచ్చును. 2022 అక్టోబరులో ఆరంభమైన ప్రభుత్వసేవ యది. ఫోను మ్రోగిననే బెదరువారు వీరిలో పెక్కురు గనుక, అవసరమైనపుడు ఆ సంఖ్యకు ఇంటివారే పిలిచి, ప్రక్కన కూర్చుండుట మేలు.

తల్లులను గూర్చి ఒక్క మాట. తల్లి ప్రేమ చల్లారుటచేతనే పిల్లవా డిట్లైనాడని పడమటిదేశముల పండితులు చాలకాలము బోధించిరి. బ్రూనో బెటల్‌హైమ్ 1967లో దానిపై పెద్ద గ్రంథమే వ్రాసెను. అంతకు మూడేండ్లు ముందే బెర్నార్డ్ రిమ్‌లండ్ అను మనశ్శాస్త్రజ్ఞుడు, తానే అట్టి పిల్లవాని తండ్రి, ఆ వాదమును ఖండించియుండెను. అక్కడ అది గతించినది. ఇక్కడ ఆ వాదమే, తల్లి ఉద్యోగము చేసినందుననియు, ఫోను చేతికిచ్చినందుననియు, అమెరికాలో ఒంటరిగా పెంచినందుననియు వేషము మార్చుకొని బ్రతుకుచున్నది. అపరాధభావముతో క్రుంగిన తల్లి బిడ్డ దిగులును పసికట్టజాలదు గనుక, దీనిని చికిత్సలో భాగముగనే త్రోసిపుచ్చవలెను.

చికిత్స యనగా ఏమి? ఆందోళనకు ఇతరుల కిచ్చు కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీయే వీరికిని, తగిన మార్పులతో, పనిచేయుచున్నది. మాట తగ్గించి బొమ్మ, పట్టిక, వ్రాత పెంచుట; భావమునకు పేరు పెట్టుటకు బదులు దానికి ఒకటి నుండి పది వఱకు అంకె వేయించుట; నేడు ఏమేమి జరుగునో మొదటనే వ్రాసి చూపుట; వాని రైళ్లను, వాని క్రికెట్ లెక్కలను పాఠములోనికి తెచ్చుట; భయపడు చోటికి మెట్టుమెట్టుగా, వాని అనుమతితో తీసికొనిపోవుట. అయితే ఒక భేదము తెలిసియుండవలెను: కుక్కర్ కూత నిజముగనే వాని చెవికి నొప్పి కలిగించుచున్నచో అది భ్రమ కాదు, అలవాటు చేసి పోగొట్టదగినదియు కాదు, చెవులకు హెడ్‌ఫోను లిచ్చుటయే చికిత్స. మందుల విషయమున మితము పాటింపవలెను. చేసినదే చేయుచుండు అలవాట్లను మాన్పుటకు సిటలోప్రామ్ ఉత్తిమాత్ర కంటె మేలు కాదని 2009లో అమెరికాలో జరిగిన పరీక్షలో తేలినది; తీవ్రమైన చిరాకునకు రిస్పెరిడోన్ ఉపయోగపడును గాని, బరువు పెంచును; దానిని కదలకుండ కూర్చుండబెట్టుటకు వాడుట వైద్యము కాదు. మూలకణముల యింజెక్షనులతో ఆటిజము పోగొట్టెదమని లక్షలు గుంజువారి మాట నమ్మవలదు. దానికి శాస్త్రాధారము లేదు.

మన ప్రాంతమునకు దీనితో కల సంబంధము చిన్నది కాదు. 1984లో సికింద్రాబాదు మనోవికాస్‌నగరున బుద్ధిమాంద్యము గలవారికై వెలసిన జాతీయసంస్థయే ఆటిజమును కొలుచు భారతీయమానమును సిద్ధపరచినది. అందు 40 అంశములు. ఒక్కొక్కదానికి 1 మొదలు 5 వఱకు అంకెలు. మొత్తము 70కి తగ్గినచో ఆటిజము లేదని నిర్ణయము. వైకల్య సర్టిఫికెట్టునకు ఇది మేలైన సాధనమే. కాని దాచుకొనుట నేర్చిన యువతి ఒక గంటసేపు పరీక్షకుని యెదుట కూర్చుండి, కన్నులెత్తి చూచి, నవ్వి, ఆ 70ని తప్పించుకొనిపోగలదు. ఇంటికి వచ్చి రెండుదినములు గది తలుపు తెరువకపోవుట ఆ కాగితముపై ఎక్కదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ఆటిజమును 21 వైకల్యములలో చేర్చినది. 2018 నాటి మార్గదర్శకములు నూటికి 40 వైకల్యము గలవారికి పరీక్షలలో గంటకు కనీసము 20 నిమిషముల అదనపు కాలమును, వ్రాయుటకు మనిషిని అనుమతించినవి. 40 లేనివారికిని అవసరమైనచో వ్రాయు మనిషిని నిరాకరింపరాదని 2021లో సుప్రీంకోర్టు వికాస్‌కుమార్ వ్యాజ్యమున తీర్పు చెప్పినది. కళాశాలల అధిపతులలో ఎందరీ తీర్పు చదివిరో యెఱుగను. అదనపు కాలముకంటె కూడ వీరికి కావలసినది తరచుగా చౌకయైనది: పరీక్ష హాలు ముందుదినమే చూపుట, ఫ్యాను చప్పుడు చేయని మూల, గది మారినచో ముందుగ చెప్పుట, మధ్యాహ్నము అన్నము ఒంటరిగా తినుటకు అనుమతి.

చివరగా, పదునెనిమిదేండ్లు నిండినప్పటి మాట. జాతీయన్యాస చట్టము, అనగా 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టము క్రింద, జిల్లాలోని స్థానికసమితికి దరఖాస్తు పెట్టి తలిదండ్రులు చట్టరీత్యా సంరక్షకులు కావచ్చును. బ్యాంకులవారును, ఆస్తులవారును అడుగుదురని పలువు రా పనికి తొందరపడుదురు. కొందరికి అది నిజముగ కావలసినదే. కాని తన జీతము తాను లెక్కించుకొనగలవానికి, తన దిగులును వ్రాసి చూపగలవానికి, ఆ కాగితము తన పదునెనిమిదవ పుట్టినరోజుకు వచ్చిన కానుక యైనచో, వాని మనస్సుపై దాని పని ఎట్టిదో ఊహింపుడు. మరియొకవైపు 2017 నాటి మానసికారోగ్య చట్టము, తనకు చికిత్స ఎట్లు కావలెనో, ఎట్లు వలదో ముందే వ్రాసియుంచుటకును, తన పక్షమున మాటాడువారిని తానే ఎన్నుకొనుటకును ప్రతి వయోజనునకు హక్కునిచ్చినది. ఈ రెండవ కాగితము మొదటిదానికంటె ముందు పూర్తిచేయదగినది. ఇంట కూర్చుండి, ఒక ఆదివారము, వాని మాటలలోనే వ్రాయవచ్చును: ఎవరు తాకరాదు, ఏ దీపము ఆర్పవలెను, ఎవరికి ఫోను చేయవలెను, ఏ మందు తనకు పడదు. సంరక్షకత్వమే కావలసివచ్చినచో, ఆ స్థానికసమితిలో కలెక్టరు స్థాయి అధికారితోను, స్వచ్ఛందసంస్థ ప్రతినిధితోను పాటు వైకల్యము గల వ్యక్తి యొకరు సభ్యులుగా ఉండవలెనని చట్టము. ఆ సభ్యుడు తలిదండ్రులను కాసేపు వెలుపల కూర్చుండుడని చెప్పి, దరఖాస్తు ఎవరిని గూర్చినదో వానిని నేరుగ అడుగవచ్చును. వాడు నోటితో కాక ఫోనులో వ్రాసి జవాబిచ్చినను, దానిని రికార్డులో చేర్చుమని పట్టుపట్టవచ్చును.